పానకపు బిందె

దేవరయాంజాల్ శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయమున నవమి కల్యాణఘడియ సమీపించుచున్నది. చైత్రపుటెండలో మేడ్చల్, శామీర్‌పేట పల్లెలనుండియు నగరమునుండియు వచ్చు జనము మొట్టమొదట చేయి చాచునది పానకము కొఱకే. మిరియము, శొంఠి, ఏలకులు కలిసిన ఆ బెల్లపునీరు వేసవికి హితవనుటను కాదనము. కాని బిందెలో పడు మంచుగడ్డ ఏ నీటితో గడ్డకట్టినదో, ఏ గోనెపట్టాలో చుట్టబడి, ఏ బండిపై వచ్చినదో ఎవరును అడుగరు, మిరియపు ఘాటు సూక్ష్మక్రిములను చంపజాలదు, మంచు వానిని నిద్రపుచ్చునే గాని రూపుమాపదు. ఒక్క బిందె, ఒక్క గరిటె, వందల దోసిళ్లు. అతిసారము ఊరెల్ల వ్యాపించుటకు ఇంతకు మించి కావలసినదేమి? కోవిడ్ మహమ్మారి కారణమున 2020 ఏప్రిల్ 2న భద్రాద్రి కల్యాణము సైతము భక్తజనము లేకయే జరిగిన సంగతి మఱుగునపడినది. నాడు అలవడిన చేతులు కడుగుకొను శ్రద్ధయు మాస్కులతోడనే అటకెక్కినది. కావున నిర్వాహకులు మంచును బిందెలో వేయక బిందె చుట్టును పేర్చవలెను. నీటిలో క్లోరిను కలిపి అరగంట గడచిన పిమ్మటనే బెల్లము వేయవలెను, ముందే వేసినచో ఆ క్లోరిను బెల్లముతోనే వ్యర్థమగును. అన్నప్రసాదము వండిన రెండు గంటలలో వడ్డింపబడవలెను. పందిరి ప్రక్కన సబ్బుతో కూడిన కుళాయియు, ఓఆర్‌ఎస్ పొట్లములతో ఒక ఆరోగ్యకార్యకర్తయు ఉండునట్లు పురపాలక, ఆరోగ్యశాఖలవారు ముందునాటి సాయంత్రమునకే చూచుకొనవలెను. వాంతులతోనో విరేచనములతోనో బాధపడుచున్న వంటవానిని, ఎంతటి ప్రవీణుడైనను, ఆనాడు పొయ్యికడకు రానీయరాదు.