అగ్రిమెంటు ఆమె పేరు మీదే ఉండాలి

ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు కంపెనీ ఆమె సర్టిఫికెట్లు చూసింది, సంతకం తీసుకుంది. నాన్నగారిని వెంటబెట్టుకు రమ్మనలేదు. బ్యాంకు జీతం ఖాతా తెరిచి, అడక్కుండానే క్రెడిట్ కార్డు ఇస్తామంది. పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటు వచ్చింది, సొంతంగా ఒప్పందం చేసుకునే హక్కూ వచ్చింది. ఇన్ని అయ్యాక, ఇరవై మూడేళ్ల వయసులో, కొత్త ఊళ్లో ఒక గేటు తీసి ‘ఇల్లు అద్దెకిస్తారా’ అని అడిగిన అమ్మాయికి ఎదురయ్యే మొదటి మాట: ‘పెద్దవాళ్లెవరూ రాలేదా?’

ఇల్లు అద్దెకివ్వడమంటే ఆ అమ్మాయి బతుకును నెత్తినేసుకోవడమని మన ఓనర్లు ఎందుకు అనుకుంటున్నారు? అద్దె సమయానికి వస్తుందా, ఇల్లు పాడు చేయకుండా ఉంటుందా, పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా మసలుతుందా: యజమాని అడగాల్సినవి ఇవే. ఎన్నింటికి ఇంటికొస్తుందో, ఎవరు కలవడానికొస్తారో, పెళ్లెప్పుడో అతనికి సంబంధించినవి కావు. పెళ్లికాని అమ్మాయిలకే కాదు, భర్త నుంచి విడిపోయినవాళ్లకు, భర్త పోయినవాళ్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ‘బ్యాచిలర్స్‌కి ఇవ్వం’ అనిపించుకునే మగపిల్లల కష్టమూ ఉంది గానీ, వాళ్లను అడిగే ప్రశ్నల్లో శీలం గురించిన అనుమానం ఇంతగా ఉండదు.

మా అక్క కూతురు రాజమండ్రిలో చదువుకుని హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గర ఉద్యోగంలో చేరింది. మేముండేదీ ఆ నగరంలోనే, ఈసీఐఎల్ వైపు. అక్కణ్నుంచి రోజూ అంత దూరం వెళ్లి రావడం ఎవరివల్లా కాదు. మాదాపూర్‌లో ఒక హాస్టల్లో చేరింది. గదికి ముగ్గురు. ఒకమ్మాయి తెల్లవారుజామున షిఫ్టు ముగించుకుని వచ్చి లైటు వేస్తుంది, ఇంకొకామె అప్పుడే లేచి స్నానానికి బకెట్ తీస్తుంది. రాత్రి పదింటికి గేటు వేసేస్తారు, ఆఫీసు మీటింగు అమెరికా టైముకి ఉన్నా సరే. కొన్ని నెలలు గడిచాక ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, ‘పిన్నీ, నాకు పెద్ద ఇల్లక్కర్లేదు. తలుపేసుకుని నిద్రపోయే ఒక గది, నేనే వండుకునే ఒక పొయ్యి ఉంటే చాలు’ అంది. పిల్ల అడిగింది సౌఖ్యం కాదు, నిద్ర. అలా ఇద్దరం ఇల్లు వెతకడం మొదలుపెట్టాం.

నిజాంపేటలో చూసిన ఒక ఇంటి గురించి చెప్పాలి. రెండో అంతస్తు, సింగిల్ బెడ్‌రూం, గాలీ వెలుతురూ ధారాళంగా ఉన్నాయి. వంటింటి గట్టు పక్కన తులసి కుండీ పెట్టుకునేంత బాల్కనీ. పిల్లకి చూడగానే నచ్చింది. చేతిలో ఒక నీలం ఫైలు: ఆధార్ నకలు, ఆఫీసు ఐడీ, మూడు నెలల జీతం స్లిప్పులు, వరసగా సర్ది తెచ్చుకుంది. కిందికొచ్చి కూర్చున్నాక ఇంటామె మజ్జిగ ఇచ్చింది, నాతో మాట్లాడింది. నాతోనే. ‘మీరేమిట్లండీ? ఇంటిపేరేంటి? నాన్‌వెజ్ వండుతుందా? అమ్మాయి రాత్రిళ్లు ఎన్నింటికొస్తుంది? సంబంధాలు చూస్తున్నారా?’ ఫైలు ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉంది. అద్దె కట్టేది తను, ఉండేది తను. ఆమె వైపు తిరిగి ఒక్క ప్రశ్న వేయలేదు. ఫైలు తెరవనేలేదు. చివరికి, ‘మీరు కూడా వచ్చి ఉంటానంటే ఇస్తానమ్మా. ఒక్కతే అంటే, రేపేదైనా జరిగితే ఆ తలనొప్పి మాకెందుకు’ అంది.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె భయం నాకు అర్థమైంది. పోలీసులు గుమ్మమెక్కుతారని, ఎదురింటివాళ్లు ఏదో అంటారని ఆ భయం. కానీ ఆ భయానికి విరుగుడు అమ్మాయిని వెనక్కి పంపడం కాదు. ఐడీ తీసుకుని పోలీసు వెరిఫికేషన్ చేయించుకోవచ్చు. అత్యవసరమైతే పిలవడానికి ఇద్దరి నంబర్లు రాయించుకోవచ్చు. షరతులు కాగితం మీద పెట్టుకోవచ్చు. ఇంత చేశాక మిగిలేది లోకం ఏమంటుందోనన్న బెంగ ఒక్కటే. దానికి మూల్యం ఒక ఉద్యోగస్తురాలు చెల్లించాలా?

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మా ఇంటిపేరు విన్నాక చాలాచోట్ల ముఖాలు తేటపడ్డాయి. మా పిల్లతో పనిచేసే కర్నూలు ముస్లిం అమ్మాయికి పేరు చెప్పిన చోటల్లా ‘ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామమ్మా’ అన్న జవాబే వచ్చింది. ఆ ఇల్లు ఖాళీ అన్న ప్రకటన మర్నాడూ అలాగే ఉంది. ఇది మన ఊరికే పరిమితమైన జబ్బు కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనాన్ని 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ ప్రచురించింది. ఒకే రకం అర్హతలతో ఇల్లు అడిగినా దళితులకు తిరస్కారాలు ఎదురయ్యాయని, ముస్లింలకు అంతకన్నా ఎక్కువని అందులో తేలింది. రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావులు, చెరువుల దగ్గర కులమతాల పేరిట, స్త్రీ పురుష భేదంతో ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. ఉండాలని నా అభిప్రాయం. హోటల్లో టీ తాగనివ్వకపోతే తప్పయినప్పుడు, తలదాచుకోనివ్వకపోతే తప్పెలా కాకుండా పోతుంది?

మరి చట్టం ఏం చేస్తోంది? 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, తగాదా వస్తే తేల్చడానికి ప్రత్యేక అధికారి ఉండాలి అని అందులో ఉంది. చక్కని షరతులే. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ప్రాణం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో ఉన్నది ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 చట్టం. 2005 సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను దాని పరిధి నుంచి తప్పించారు. ఈరోజు గచ్చిబౌలి, కొండాపూర్‌లో ఆ డబ్బుకు హాస్టల్లో మంచం కూడా దొరకదు. అంటే కొత్తగా నగరానికి వచ్చిన ఉద్యోగికి ఆ చట్టం ఉన్నా లేనట్టే. ఇక మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నెలవారీ అద్దెను ఓనరైనా, అద్దెకున్నవాళ్లైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు.

అందుకే కాగితం ముఖ్యం. మన దగ్గర అగ్రిమెంట్లన్నీ 11 నెలలకే ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలలు. అందులో తప్పేం లేదు. తప్పల్లా ఎక్కడంటే, స్టాంపు కాగితం మీద నాన్న పేరు రాసి, కూతురి పేరు ‘నివసించువారు’ అని కింద పెట్టడం దగ్గర. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ తిరిగి అడిగే హక్కు ఎవరిదన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అద్దె కట్టే మనిషి పేరు మీదే అగ్రిమెంటు ఉండాలి. తండ్రులు దీన్ని అవమానంగా తీసుకోకూడదు.

అడ్వాన్స్ సంగతికొస్తే, హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అద్దె మామూలు. బెంగళూరులో పది నెలలు అడగడం ఏళ్లుగా ఉన్న అలవాటు. అక్కడ మొదటి జీతం కూడా చేతికి రాని మన పిల్లలు ఆ మొత్తం కోసం ఇంటికి ఫోన్ చేస్తారు. అలా స్వతంత్రంగా ఉండటానికి వెళ్లిన పిల్ల మొదటి రోజే అప్పులో పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం రెండు నగరాల్లోనూ ఉంది. ఎంత కోస్తారో అంకెతో సహా ముందే రాయించుకోవాలి. ‘అది అప్పుడు చూసుకుందాంలే’ అనే ఓనరు దగ్గర దిగకపోవడమే మంచిది.

మొదటిసారి ఇల్లు చూసేవాళ్లు గోడల రంగు చూస్తారు. నేనైతే ముందు కుళాయి తిప్పమంటాను. పొద్దున ఎనిమిది గంటలప్పుడు, అన్ని వాటాలవాళ్లూ నీళ్లు వాడుకునే వేళ, పై అంతస్తులో ధార ఎలా ఉందో చూడాలి. బోరు వేసవిలో ఆగుతుందా, ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఉందా, విడిగా పంచుతారా అని అడగాలి. 2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు అల్లాడింది, హైదరాబాద్ పడమటి కాలనీలు ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయి. బాత్రూం గొళ్లెం లోపల్నుంచి సరిగ్గా పడుతుందో లేదో వేసి చూడాలి. రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి వెళ్లి, బస్టాపు నుంచి గేటు దాకా నడిచి, వీధిదీపాలు వెలుగుతున్నాయేమో చూడాలి. చేరిన రోజే కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, గోడల మీద మరకలు, పగిలిన టైల్స్ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. తాళం మార్చుకోవాలి. పాత కిరాయిదారు దగ్గర ఎన్ని తాళపుచెవులు ఉన్నాయో ఎవరికి తెలుసు? డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాలి. ఇల్లు కళ్లారా చూడకుండా, ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ‘టోకెన్’ పంపమంటే ఒక్క రూపాయి కూడా పంపకూడదు. మిలటరీ ఆఫీసర్‌నని చెప్పుకుని, క్యూఆర్ కోడ్ పంపి, ఖాతాలు ఊడ్చేసే మోసగాళ్లు ఈ తోవలోనే వస్తున్నారు.

మా పిల్లకి చివరికి మియాపూర్‌లో ఇల్లు దొరికింది. ఇచ్చింది రిటైరైన ఒక లెక్కల మేష్టారు. ఆయన ఫైలు తీసుకుని ప్రతి కాగితమూ చదివి, ‘అద్దె ఐదో తారీఖులోపు వేస్తావా అమ్మా’ అని ఆమెనే అడిగారు. ఆయన వేసిన ప్రశ్న అదొక్కటే.

మా అక్కకు కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. ఒక్కతే ఎలా ఉంటుందని రోజూ వీడియో కాల్. ఒంటరిగా ఉండటంలో కష్టం లేదని నేను అనను. ఒక రాత్రి జ్వరమొస్తే మంచినీళ్లిచ్చే మనిషి ఉండదు. మా పిల్లకీ అలా జ్వరం వచ్చింది. కింది వాటా ఆవిడ జావ కాచి తెచ్చిపెట్టింది. ఇంటి మనుషులు దూరంగా ఉన్నప్పుడు పొరుగువాళ్లను పలకరించి పెట్టుకోవాలని అప్పుడు తనకే తెలిసింది. గ్యాస్ బుక్ చేయడం, ప్లంబర్‌తో బేరమాడటం, నెలాఖరులో మిగిలిన డబ్బుతో గడపడం నేర్చుకుంది. ఇవన్నీ పెళ్లయ్యాక అత్తవారింట్లో నేర్చుకుంటుందిలే అని మన తరం అనుకునేది. తన కాళ్ల మీద నిలబడి నేర్చుకున్నదానికి ఉండే ధీమా వేరు. నా వయసులో నాకది దొరకలేదు. ఆ పిల్లకి దొరికినందుకు సంతోషంగా ఉంది.

ఇది చదివేవాళ్లలో సొంత ఇల్లున్నవాళ్లు చాలామందే ఉంటారు. గుంటూరులో, వరంగల్లో, కాకినాడలో, కరీంనగర్‌లో పైవాటా కట్టుకుని అద్దెకిచ్చేవాళ్లు మనలోనే ఉన్నారు. బెంగళూరులో మన అమ్మాయికి ఇల్లు ఇవ్వలేదని బాధపడే తండ్రే, తన ఇంటి గేటుకు ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’ అని బోర్డు తగిలిస్తున్నాడు. మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సు, బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి, వీళ్లందరూ ఎవరో ఒకరి కూతుళ్లే. మీరు ఆస్పత్రిలో, బ్యాంకులో వాళ్ల సేవ తీసుకుంటున్నారు. సాయంత్రమయ్యేసరికి తలదాచుకునే చోటు ఇవ్వరా? తెలంగాణ ప్రభుత్వం అద్దె చట్టాన్ని ఇప్పటి అద్దెలకు తగ్గట్టు తిరగరాయాలి, 3,500 గీతను చెరిపేయాలి. ఆ పని అసెంబ్లీ చేసేదాకా మీరు ఆగనక్కర్లేదు. మీ వాటా ఖాళీగా ఉండి, ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చి అడిగితే, ఆమె కాగితాలు చూడండి, రెండు నెలల అడ్వాన్స్ తీసుకుని రశీదు ఇవ్వండి, అగ్రిమెంటు ఆమె పేరు మీద రాయండి, తాళపుచెవులు ఆమె చేతికే ఇవ్వండి.