వెళ్లిపోయేవారినే తోటలు నాటమన్నాడు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాదులో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా చెట్లు కూలుతూనే ఉన్నాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో వినిపించే మాట ఒకటే: అంత్యదినాల సూచనలు. వరద నీళ్లలో దిగి అన్నం పొట్లాలు పంచిన మన యౌవనస్థులను ప్రభువు దీవించును గాక. కానీ వేదిక మీది నుంచి అంతకు మించి చెప్పడానికి మనకేమీ లేదా?

బుడమేరు వరదలో ప్రవచన నెరవేర్పు వెతకడానికి ముందు, వాగు పారే దారిలో ప్లాట్లు గీసి అమ్మిందెవరు, ఎక్కడా తాహతు లేక అక్కడే కొనుక్కున్నదెవరు, చూసీ చూడనట్టు ఊరుకున్నదెవరు అని అడగాలి. ఆ ప్రశ్నలు అడగకుండా సూచనలని సరిపెట్టుకుంటే తప్పు చేసినవారికి అంతకన్నా హాయి ఏముంది?

మనం ఈ లోకంలో యాత్రికులం, పరదేశులం. అది వాక్యమే, కాదనలేం. అయితే ఎలాగూ వెళ్లిపోయేవాళ్లం కదా, ఈ చెరువు ఏమైతేనేం, ఈ చెట్టు ఏమైతేనేం అనుకునేవారు యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం ఒకసారి తెరవాలి. బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు ప్రవక్త రాసిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్ల తర్వాత మీరు తిరిగి వస్తారని ఆ ఉత్తరంలోనే ఉంది. అయినా ఇళ్లు కట్టుకోమంటాడు, తోటలు నాటి వాటి పండ్లు తినమంటాడు, పరాయి పట్టణమైనా దాని క్షేమం కోసం ప్రార్థించమంటాడు. వెళ్లిపోతారని తెలిసిన జనానికి దేవుడిచ్చిన ఆజ్ఞ అది.

ఆ డెబ్బై ఏళ్ల లెక్క వెనుక ఇంకొక సంగతి ఉంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథం చివరి అధ్యాయం ప్రకారం, ఆ కాలమంతా దేశం తనకు రావలసిన విశ్రాంతిని అనుభవించింది. లేవీయకాండం 25లో ఏడేళ్లకోసారి భూమిని బీడుగా వదిలేయమని, దానంతట అది పండినది కూలివారు, పరదేశులు, పశువులు, అడవి జంతువులు కూడా తినాలని చట్టం ఉంది. జనం దాన్ని పాటించలేదు. పాటించని విశ్రాంతిని దేవుడు భూమి తరఫున వసూలు చేశాడన్నమాట. భూమికి బాకీ పడతామన్న ఆలోచన ఎంతమంది ప్రసంగికుల నోట విన్నాం?

ప్రకృతితో కలిసి బతికే రేపటి సమాజం ఎలా ఉంటుందని ఇప్పుడు మేధావులు ఊహాచిత్రాలు గీస్తున్నారు. పైకప్పుల మీద అడవులు, గాలిమరలు, తెల్లని భవనాలు. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ బొమ్మల్లో కూలివాడి ఇల్లు ఎక్కడుందో నాకెప్పుడూ కనబడలేదు. ఊహ కావాల్సిందే, అయితే ఇప్పటికే కొంత బతికి చూపించినవారి దగ్గర మొదలుపెడితే మంచిది.

ఇథియోపియా ఉత్తర ప్రాంతాన్ని ఆకాశం నుంచి చూస్తే ఎండిన పొలాల మధ్య అక్కడక్కడ పచ్చని చుక్కలు కనబడతాయి. ఒక్కొక్క చుక్క మధ్యలో ఒక ఆర్థడాక్స్ దేవాలయం ఉంటుంది. చుట్టూ అడవులన్నీ పంటకూ పశువులకూ వంటచెరకుకూ పోయినా, గుడి చుట్టూ ఉన్న చెట్లు మాత్రం నిలిచాయి. ఏదెను తోట ఛాయగా వాటిని విశ్వాసులు తరతరాలుగా కాపాడుకున్నారు. ఆ ప్రాంతపు సొంత జాతి చెట్లు, తేనెటీగలు, పక్షులు ఇప్పుడు చాలావరకు అక్కడే మిగిలాయి. అయితే భక్తి ఒక్కటే సరిపోలేదు. పశువులు లోపలికి వచ్చి మొలకలు మేసేయడంతో ఆ అడవులు కూడా లోపలి నుంచి ముసలివైపోయాయి. అప్పుడు అలెమాయెహు వాసీ అనే ఇథియోపియా శాస్త్రవేత్త, అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ లోమన్ అక్కడి యాజకులతో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు చూపించి మాట్లాడారు. రైతులు తమ పొలాల్లో అడ్డుపడే రాళ్లు ఏరి తెచ్చి దేవాలయాల అడవుల చుట్టూ గోడలు కట్టారు. పొలమూ బాగుపడింది, మొలకలూ బతికాయి. పేద సంఘాలు చేసిన పని ఇది.

అంత దూరం వెళ్లనక్కర లేకుండా జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో ఇంకొక సంగతి ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి, ఎక్కువగా దళిత స్త్రీలు, ఊరు పనికిరాదని వదిలేసిన రాళ్ల భూములను సాగులోకి తెచ్చారు. వానకే పండే జొన్నలు, కొర్రలు, సామలు, కందులు, ఇంకా ఎన్నో కలిపి ఒక్క చేలోనే వేస్తారు. విత్తనాన్ని కొనరు, ఇంట్లో దాచి అప్పుగా ఇచ్చిపుచ్చుకుంటారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పేర్చుకుని ఊరూరా తిప్పే పాత పంటల జాతర వాళ్లదే. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆంధ్రలో 2016 నుంచి స్త్రీల స్వయం సహాయక సంఘాల మీదుగా సాగుతున్న ప్రకృతి వ్యవసాయం కూడా 2024లో గుల్బెంకియన్ బహుమతిని పంచుకుంది. తెలుగు సంఘాల్లో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చారో మనకు తెలుసు. సెంటు భూమి లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు పర్యావరణం గురించి బోధించేముందు, ఆ ఇళ్ల స్త్రీలే ఈ విద్యలో గురువులని ఒప్పుకోవాలి.

మరి మన చేతిలో ఉన్న భూమి సంగతి? మిషనరీల నాటి కాంపౌండ్లలో వేపలు, చింతలు, బావులు ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల రోడ్డు వైపు షాపులు, లోపల కార్ల కోసం సిమెంటు. అద్దె డబ్బుతో బడి నడుస్తుందని, కాపరి జీతం వస్తుందని కమిటీలు చెప్పేది అబద్ధం కాదు. కానీ వాన నీరు ఇంకడానికి చోటు లేకుండా సిమెంటు పరిచి, ఆ ఆవరణలోనే వెయ్యి అడుగుల బోరు వేయించుకుని, జూన్‌లో పర్యావరణ ఆదివారం నాడు ఒక మొక్క నాటి ఫొటో దిగితే ఎవరిని నమ్మించాలని?

సమాధుల తోటల విషయమూ అంతే. తోట అనే పేరు మిగిలింది, లోపల పాలరాయి, గ్రానైటు. పట్టణాల్లో పూడ్చడానికి చోటు లేక కుటుంబాలు పడే అవస్థ మనకు తెలుసు. కట్టడాలు మానేసి, చిన్న గుర్తు రాయి, పక్కన ఒక చెట్టు అని సంఘం తీర్మానం చేసుకుంటే స్థలమూ కలిసివస్తుంది, ఇరవై ఏళ్లలో అది అడవి అవుతుంది. దీనికి ప్రభుత్వ అనుమతి కూడా అక్కర లేదు. కాకపోతే పెద్దింటివారి సమాధికి పాలరాయి వద్దని చెప్పే ధైర్యం ఎవరికో ఒకరికి ఉండాలి.

కోత పండుగ వస్తోంది. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు వేదిక ముందు పేర్చి వేలం పాడతాం. పట్టణ సంఘాల్లో వాటిలో సగం ముందు రోజు రైతుబజారులో కొన్నవే. ఈ ఏడాది ఆ బల్ల మీద ఒక మూల విత్తనాలకు వదిలి, వాటిని వేలం వేయకుండా, అడిగిన ప్రతి ఇంటికీ గుప్పెడు పంచి, వచ్చే పండుగకు రెండు గుప్పెళ్లు తిరిగి తెమ్మని అడిగితే ఎంతమంది తెస్తారో చూడాలని ఉంది.