నెత్తుటి కథల వ్యాపారము

2008వ సంవత్సరము నవంబరు 26వ తేది రాత్రి మొదలుకొని 29వ తేది ఉదయము వఱకు బొంబాయి నగరమున పదిమంది సాయుధులు సాగించిన మారణకాండను దేశమంతయు ఇంట కూర్చుండి చూచినది. చూచినది మన దేశము మాత్రమే కాదు. పాకిస్థానమున కూర్చుండి ఆ హంతకులను నడిపించుచున్నవారును అవే దృశ్యములను, అదే క్షణమున, చూచుచుండిరి. చూచి, బయట జరుగుచున్నదానిని టెలిఫోనులో తమవారికి చెప్పుచుండిరి. నారిమన్ భవనముపైకి హెలికాప్టరునుండి కమాండోలు దిగుటను మన ఛానళ్లు క్షణక్షణము ప్రసారము చేసినవి. 166 మంది ప్రాణములు పోయిన యీ ఘాతుకమున మన ప్రసారకులు జీతములేని వేగులై శత్రువునకు ఉపకరించిరి.

ఇది మేము కోపావేశమున ననుచున్న మాట కాదు. 2012 ఆగస్టు 29వ తేదిని సుప్రీంకోర్టు కసబు అప్పీలును త్రోసివేసి మరణశిక్షను స్థిరపఱచిన తీర్పులోనే ఛానళ్ల నడతను ప్రత్యేకముగ గర్హించినది. ఆ ప్రసారములు రక్షణకార్యమును కష్టతరమును ప్రమాదకరమును గావించినవనియు, అవి దేశహితమునకు గాక స్వీయవాణిజ్యమునకై సాగినవనియు న్యాయమూర్తులు నిర్మొగమాటముగ వ్రాసిరి. పిదప 2015లో గాని కేబులు టెలివిజను నిబంధనలు సవరింపబడలేదు. భద్రతాదళముల చర్య ముగియు వఱకు ప్రత్యక్షప్రసారము కూడదని నాడు శాసించిరి. పది యేండ్లు గడచినవి. 2025 ఏప్రిలులో పహల్గాము హత్యాకాండ పిదప ప్రభుత్వము ఆ నిబంధననే ఛానళ్లకు మరల జ్ఞాపకము చేయవలసి వచ్చినది. మఱుసటి నెలలో జరిగిన దేమి? కరాచీ రేవు ధ్వంసమైనదని కొన్ని ఛానళ్లు రాత్రియెల్ల చాటినవి. తెల్లవారునప్పటికి రేవు రేవుగనే యున్నది! నవల వ్రాయువాడు తాను కల్పన చేయుచున్నానని మొదటనే యొప్పుకొనును. ఆ పాటి నిజాయితీయు వీరికి లేదు.

వార్తలవారి సంగతి అటుండనిండు. కథకుల సంగతి యేమి? తాజ్ హోటలులో మసి యింకను ఆఱకమునుపే, నాటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి శిథిలములను చూడబోవుచు, వెంట నటుడైన తన కుమారుని, చలనచిత్రదర్శకుడగు రామగోపాలవర్మగారిని గొనిపోయిరి. ఆ దృశ్యము బయటపడగనే దేశమంతట ఛీత్కారము చెలరేగినది. కొలది దినములలో ముఖ్యమంత్రి పదవిని వీడిరి. వర్మగారు మన తెలుగువారు; 1989లో 'శివ'తో మన చిత్రములకు క్రొత్త నడక నేర్పినవారు. ఆనాటి యుద్దేశ మేదియైనను, 2013 మార్చిలో ఆ దాడులపై వారి చిత్రము వెలువడినది. ప్రజల కోపము చిత్రము తీయుటపై కాదని మా నమ్మకము. చావు జరిగిన యింటికి మన పెద్దలు మైలదినములు పెట్టినది ఊరక కాదు. ఏడ్చువారికి ఏడ్చుకొనుటకు కొంత వ్యవధి కావలయును. కథకును మైల కలదు. ఆ మైల తీఱకుండ గడపలో కాలు పెట్టినవానిని జనులు సహింపలేదు, సహింపకపోవుటయే ధర్మము.

అయితే కాలము గడచినంత మాత్రమున కథ శుద్ధి యగునా? ఆ రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినసులో, మూటలపై తలలు వాల్చి బండ్లకొఱకు వేచియున్న జనముమీద ఇద్దఱు హంతకులు తుపాకులు పేల్చి యేబదిమందికి పైగా చంపిరి. బీదసాదలు, ఊళ్లకు పోవు కూలివారు, పిల్లలు. ఆ స్టేషనుమీద కెమెరా ఎంతసేపు నిలిచినది? మూడు దినములు అది హోటలు గుమ్మటమునే చూచుచు నిలిచినది. పొగలో ఎఱ్ఱగ వెలుగు గుమ్మటము చూపునకు ఇంపు గదా! పిదప వచ్చిన కథలును చాలవఱకు ఆ గుమ్మటమునే చూచినవి. హోటలు పేరనే 2018లో విదేశచిత్రమొకటి వెలువడినది. వర్మగారి చిత్రము స్టేషనును చూపకపోలేదు. ఐనను అచట చచ్చినవారు మనకు గుంపుగనే తెలియుదురు; హోటలులో చచ్చినవారు మనుష్యులుగ తెలియుదురు. కెమెరా ఎటు తిరిగిన కథకుని కన్నును అటే తిరుగుట మేము నిందించుచున్న దోషము.

"పత్రికలనుండి కథావస్తువు గ్రహించుట తప్పా?" యని మమ్ము కొందఱు ప్రశ్నింతురు. కాదు, ఎంతమాత్రము కాదు. 1869లో మాస్కోలో నెచాయెవు ముఠావారు తమలోని విద్యార్థి నొకనిని చంపిన వార్తను డాస్టోవ్‌స్కీ పరదేశమున పత్రికలలో చదివియే 'దయ్యములు' అను మహానవలను రచించెను. 1894లో గ్రీనిచ్ ఉద్యానమున తన బాంబు తన చేతిలోనే పేలి మడిసిన అరాజకుని వృత్తాంతము కాన్రాడునకు 'సీక్రెట్ ఏజెంట్' నవలకు బీజమైనది. ఆ నవలలో బాంబు ప్రేలుటను పాఠకుడు కంటితో చూడనే చూడడు. దానిని మోసినవాడు లోకమెఱుగని అమాయకుడు. వాని అక్క గుండె పగులుటయే కథ. వార్త ఎచట ముగిసినదో అచట ఆ మహనీయులు ఆరంభించిరి. నేటి మన కథకులు వార్త ముగిసినచోటనే తామును ముగించి, నడుమ సంగీతము చేర్చుచున్నారు.

మనవారిలోనే యిందుకు భిన్నమైన యుదాహరణము లేకపోలేదు. 1996 మే 21న ఢిల్లీ లజపతినగరు బజారులో ప్రేలిన బాంబును ఆధారముగ గొని కరణ్ మహాజన్ 2016లో ఆంగ్లమున ఒక నవల ప్రకటించెను. బాగుచేయించిన టెలివిజను పెట్టెను తెచ్చుటకు బజారునకు పోయిన అన్నదమ్ములిద్దఱు అందు మరణింతురు. వెంటపోయిన చెలికాడు బ్రదుకును. బాంబు కొన్ని పుటలలో ముగియును. మిగిలిన గ్రంథమంతయు బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులది, బ్రదికియు బ్రదుకలేని ఆ బాలునిది, బాంబు చేసినవానిది. ఆ హంతకునికి స్నేహములు కలవు, విసుగు కలదు, మన మెఱిగిన అల్పత్వములన్నియు కలవు. తేజస్సు మాత్రము లేదు. హంతకుని మనుష్యునిగ చూపినచో వానిని సమర్థించినట్లగునని భయపడువారు ఈ నవలను చదివి చూతురు గాక. రాక్షసునిగ చూపుటయే వానికి మేలు. రాక్షసునికి లోకము జడియును. జడిపించుటయే వాని వృత్తి.

ఇక ప్రతి కథపైనను నిషేధము కోరువారితో మాకు పొత్తు లేదు. 'టెఱ్ఱరిస్టు' అను మాటను వంగదేశపు యువకుల నుదుట ముద్రించి, 1932లో దానిని చట్టము పేరులోనే చేర్చినది ఆంగ్లప్రభుత్వము. శరత్‌బాబు 'పథేర్ దాబీ'ని 1927లో నిషేధించినదియు ఆ ప్రభుత్వమే. ఏ మాట ఎవని నుదుట ఎవరు వ్రాయుచున్నారో అడుగుట కథకుని హక్కు. 1999 డిసెంబరులో కాందహారునకు మరల్చబడిన విమానమును గుఱించి 2024లో ధారావాహిక యొకటి రాగా, హైజాకర్లలో ఇరువురిని భోలా, శంకర్ అని పిలిచినందుకు గొప్ప అలజడి రేగినది. ఆ పేర్లు కథకుడు కల్పించినవి కావు. ఆ దుండగులే తమలో తాము వాడుకొన్న మాఱుపేర్లని 2000 జనవరిలో హోంశాఖయే ప్రకటించియుండెను. తుదకు అసలు పేర్లను మొదట చూపి ప్రసారకులు గండము గడచిరి. పేర్లకై యింత కలహించినవారు, ఆ యెనిమిది దినములు బందీల బంధువుల రోదనమును టెలివిజనులో మరల మరల చూపి ప్రభుత్వమును త్రొక్కిడిచేసిన ఛానళ్లను గుఱించి ఒక్క ప్రశ్నయు వేయలేదే!

నేటి ధారావాహికల ధర్మశాస్త్రము వేఱొకటి. అందు అధికారి అనుమానితుని కుర్చీకి కట్టి కొట్టును, గడియారము చూచుకొని నిజము వెలువడును, నగరము రక్షింపబడును. కొట్టబడినవాడు నిర్దోషియగుట ఆ కథలలో బహు అరుదు. పోలీసుయెదుట చేసిన యొప్పుకోలు నిందితునిపై సాక్ష్యముగ చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలైలో దాని స్థానమున అమలునకు వచ్చిన క్రొత్త చట్టమును అదియే చెప్పుచున్నది. పరాయి ప్రభుత్వమునకే తన పోలీసుపై లేని విశ్వాసము మన కథకునికి కలిగినది!

మన హైదరాబాదులో జరిగినది వినుడు. 2007 మే 18, శుక్రవారము. మక్కామసీదులో బాంబు ప్రేలి తొమ్మిదిమంది మరణించిరి. ఆ పిమ్మట పోలీసు కాల్పులలో మఱికొందఱు నేలకొఱగిరి. వెంటనే పాతబస్తీ ముస్లిం యువకులను పలువురిని పట్టుకొనిపోయిరి. వారి ముఖములు టెలివిజనులో ఊరూర తిరిగినవి. తరువాత న్యాయస్థానములు వారిని విడిచిపెట్టినవి. 2010లో దర్యాప్తు మఱియొక దిక్కునకు తిరిగి, హిందూసంస్థలతో సంబంధము గలవారిపై నేరము మోపబడెను. ఛానళ్లు మునుపటి కథనే, విలనులను మార్చి, మునుపటి ఉత్సాహముతోనే చెప్పినవి. 2018 ఏప్రిలు 16న ప్రత్యేక న్యాయస్థానము విచారణ నెదుర్కొన్న అయిదుగురిని నిర్దోషులని విడిచిపెట్టినది. రెండు కథలు చెప్పబడినవి. రెండును న్యాయపీఠము ముందు నిలువలేదు. తొమ్మిది శవములు మాత్రము నిజము.

ఇది నవల గాక మఱేమి? నెలలకొలది జైలులో నుండి వచ్చిన యువకునికి ఇరుగుపొరుగున ఎవరు మాటాడిరి, ఎవరు మాటాడరైరి? కొలువు ఎవ రిచ్చిరి? చనిపోయినవాని తల్లి, రెండుమారులు రెండు హంతకవర్గములను చూపి పిదప ఎవరును కారనిన లోకముతో ఏ భాషలో మాటాడును? తెలుగున నవలాకారు డెవడేని దీనికి పూనుకొన్నచో ఏ ఛానలు భాండాగారమును అర్థింపనక్కఱలేదు. చార్మినారు ప్రక్కసందులలోనికి నడచి, తలుపు తట్టి, కూర్చుండుమన్నచోట కూర్చుండిన చాలును.