విజిల్ ఎవరి మెడలో ఉండాలె?

కాలేజీ ఫుట్‌బాల్ టీంకు కొత్త కోచ్‌ను ఎంచుకునుడు కూడా రాజకీయమేనా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ముమ్మాటికీ రాజకీయమే. పదకొండు మందిలో ఎవరు ఆడాలె, ఎవరు బెంచీ మీద కూసోవాలె, ఎవరి పేరు యూనివర్సిటీ సెలక్షన్‌కు పోవాలె అని తేల్చేది కోచ్. ఒక పోరడి ఆట స్పోర్ట్స్ కోటా సీటు దాకా, కొలువు దాకా పోతదా, గ్రౌండ్ గేటు దగ్గరనే ఆగిపోతదా అన్నది ఆయన కలం మీద ఉంటది. అసుంటి మనిషిని ఎవరు ఎంచుతున్నరు, ఏం చూసి ఎంచుతున్నరు? ఈ మాట అడిగే హక్కు మనకు లేదా?

కమాన్‌పూర్ నుంచి సెంటినరీ కాలనీ మీదుగా గోదావరిఖని దాకా చూడండి. బాయిల కోసం, ఓపెన్ కాస్టుల కోసం భూములు వదులుకున్న ఊర్లు ఇవి. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపినోళ్ల బిడ్డలు, మనుమలు ఇవాళ కాలేజీ గ్రౌండ్లల్ల ఉరుకుతున్నరు. ఉరికే కాలు మనది. ఆ బంతి సుత మనోళ్ల చేతిపనే. దేశ విభజన తర్వాత సియాల్‌కోట్ నుంచి జలంధర్‌కు తరలివచ్చిన ఆటవస్తువుల పరిశ్రమలో బంతులు కుట్టిన చేతులు ఎక్కువగా దళితులవే. తోలు మనది, కుట్టు మనది, చెమట మనది. మరి విజిల్ ఎవరిది?

ఈ దేశంలో కోచ్‌లకు ప్రభుత్వం ఇచ్చే పెద్ద అవార్డును 1985లో పెట్టిండ్లు. దానికి ఏం పేరు పెట్టిండ్లు? ద్రోణాచార్యుడి పేరు. అడవిబిడ్డకు విద్య చెప్పను పొమ్మని, తనంత తాను నేర్చుకున్నాక బొటనవేలు కోసి ఇమ్మన్న గురువు పేరు! అవార్డు పొందిన కోచ్‌లను మనం తప్పుపట్టడం లేదు. అందులో కష్టజీవులున్నరు. కానీ గురువు అనగానే పాలకులకు ఎవరు గుర్తుకొచ్చిండ్రో ఆ పేరే చెప్తున్నది.

కోచ్ ఎంపిక అంటే ఏమిటో చూడాలంటే అమెరికా వైపు చూడాలె. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేతపట్టుకొని ఉరికే వేరే ఆట. కాలేజీ హెడ్ కోచ్ ఎంపిక అక్కడ మన ఎమ్మెల్యే ఎలక్షన్ అంత ముచ్చట. గ్రౌండులో నల్లవాళ్లు కోకొల్లలు, హెడ్ కోచ్ కుర్చీలో మాత్రం అరుదు. ఎడ్డీ రాబిన్సన్ అనే నల్లజాతి కోచ్ 1941 నుంచి 1997 దాకా గ్రాంబ్లింగ్ అనే నల్లవాళ్ల కాలేజీ టీంను నడిపిండు. 408 మ్యాచ్‌లు గెలిపించిండు. రెండు వందలకు మించి ఆటగాళ్లను ప్రొఫెషనల్ లీగ్‌కు పంపిండు. ఆయన గెలుపులన్నీ ఆ ఒక్క కాలేజీలోనివే. తెల్లవాళ్ల పెద్ద యూనివర్సిటీల కుర్చీ మీద ఆయన ఏనాడూ కూసోలేదు. పై డివిజన్ యూనివర్సిటీకి ఒక నల్లవాడు హెడ్ కోచ్ కావడానికి 1979 దాకా పట్టింది. ఆయన పేరు విల్లీ జెఫ్రీస్, చోటు విచిటా స్టేట్.

2003లో అలబామా యూనివర్సిటీకి కొత్త కోచ్ కావలసి వచ్చింది. సిల్వెస్టర్ క్రూమ్ అక్కడ నల్లవాళ్లను తీసుకున్న తొలినాళ్లలో ఆడినవాడు. ఇరవై ఏళ్లకు పైగా అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసినవాడు. ఆయన్ను పిలిచిండ్లు, మాట్లాడిండ్లు. కుర్చీ మాత్రం ఆయనకన్నా పదేళ్లు చిన్నవాడు, ఒక పేరుమోసిన కోచ్ కొడుకు అయిన మైక్ షులాకు ఇచ్చిండ్లు. అప్పటికి షులా ఏ టీంకూ హెడ్ కోచ్‌గా చేయలేదు. మరి అనుభవం ఎటు పోయింది? అదే ఏడు చివర క్రూమ్‌ను మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ తీసుకున్నది. 1932లో ఏర్పడ్డ ఆ దక్షిణాది యూనివర్సిటీల లీగ్‌లో ఆయనే మొదటి నల్లజాతి హెడ్ కోచ్.

ఉద్యమాలు నిలదీస్తే నిబంధనలు వచ్చినయి. 2003లో ప్రొఫెషనల్ లీగ్, హెడ్ కోచ్ ఖాళీకి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూకు పిలవాలన్నది. 2009లో ఒరెగాన్ రాష్ట్రం ప్రభుత్వ యూనివర్సిటీలకు ఇదే మాట చట్టం చేసింది. అయితే పిలవమన్నరు గానీ ఇయ్యమనలేదు. తనను పేరుకే ఇంటర్వ్యూకు పిలిచిండ్లని 2022లో బ్రయన్ ఫ్లోరెస్ అనే నల్లజాతి కోచ్ ఆ లీగ్ మీదనే కోర్టుకెక్కిండు.

ఈ కథ మనకు కొత్తనా? మన యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ పోస్టుకు మనోళ్లను పిలుస్తరు, కూసోబెడ్తరు, నాలుగు ప్రశ్నలు అడుగుతరు. ఆఖరికి "అర్హులు దొరకలేదు" అని రాస్తరు. పోస్టు బ్యాక్‌లాగ్‌లో పడ్తది. అక్కడి మాట, ఇక్కడి మాట ఒకే నోట్లోంచి వచ్చినట్టు లేదా?

ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరని నీతులు చెప్పేటోళ్లు పల్వంకర్ బాలూ బతుకు చదవాలె. మన మాదిగల లాగ తోలుపని చేసే చమార్ కులంలో పుట్టిండు. పుణెలో తెల్లదొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయలకు పిచ్ చదును చేసిండు. 1911లో ఇంగ్లండు పోయి నూరుకు పైగా వికెట్లు తీసిండు. హిందువుల టీం ఆయన బౌలింగ్ మీద గెలిచింది గానీ, ఆటగాళ్లు చాయ్ తాగేటప్పుడు ఆయన బయట మట్టిముంతలో తాగాలె. ఆయనను ఏనాడూ కెప్టెన్ చేయలేదు. 1920లో ఆ వివక్షకు నిరసనగా తమ్ముళ్లు విఠల్, శివరాం టీంలోంచి తప్పుకున్నరు. కొట్లాడితేనే 1923లో విఠల్ కెప్టెన్ అయిండు. దయతో దక్కలేదు.

అయితే మా కులపోడైతే చాలు, ఎవరైనా ఫర్వాలేదు అని మనం అంటున్నమా? కాదు. మంచి కోచ్ ఎట్లుంటడో హైదరాబాద్ నేల మీదనే చూసినం. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఉస్మానియాలో చదివి, అక్కడి టీంకు ఆడిండు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ టీంను, భారత జట్టును తీర్చిదిద్దిండు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బలహీనమైన కాలుతోనే ఆడాలని పిల్లలకు పోటీలు పెట్టిన గురువు ఆయన. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంట్లో పడ్డడు. ప్రాక్టీసుకు రాను కిరాయి సైకిల్‌కు రహీం సాబే పైసలిచ్చిండని బలరాం తర్వాత చెప్పుకున్నడు. ఆ పోరడు రెండు ఒలింపిక్స్ ఆడిండు. వేలు అడగకుండా సైకిల్ కిరాయి ఇచ్చినోడే గురువు. అవార్డుకు ఆయన పేరు ఎందుకు పెట్టలేదో పాలకులే చెప్పాలె.

అట్లాంటి గురువును వెతకాలంటే తలుపు తెరిచి వెతకాలె. ఇవాళ చాలా కాలేజీల్లో పీడీ, కోచ్ పని గెస్టు పేరుతోనో ఔట్‌సోర్సింగ్ పేరుతోనో నోటిమాట మీద నడుస్తున్నది. 2025లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం వచ్చి రోస్టర్ మారింది. కానీ రోస్టరే లేని కొలువులో మాలకేం వస్తది, మాదిగకేం వస్తది, ఉపకులాలకేం వస్తది? అందుకే బొగ్గుగనుల ప్రాంతంలోని ప్రతి కాలేజీని ఇవి అడుగుదాం:

1. కోచ్ ఖాళీ అయితే తెలుగులో నోటీసు వేయాలె. కాలేజీ బోర్డు మీద, చుట్టుపక్కల గ్రామ పంచాయతీల్లో అంటించాలె. ఏ అర్హతకు ఎన్ని మార్కులో ముందే రాయాలె.

2. ఎంపిక కమిటీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ సభ్యులుండాలె. ఒక మహిళ ఉండాలె. ఆటగాళ్ల తరఫున ఇద్దరుండాలె.

3. గెస్టు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ దేనికైనా రోస్టర్ పాటించాలె. "అర్హులు దొరకలేదు" అంటే ఎందుకు దొరకలేదో రాతపూర్వకంగా చెప్పాలె.

4. గెలిచిన కప్పులే కాదు, వాడల నుంచి, ఆడపిల్లల నుంచి ఎందరిని గ్రౌండుకు తెచ్చిండో అది కూడా లెక్కలోకి రావాలె.

మనోళ్లకు కూడా ఒక మాట. ఆట ముగిసినంక బూట్లు చూరుకు వేలాడదీసి ఊకుంటే విజిల్ మన మెడలోకి రాదు. డిగ్రీ అయినోళ్లు బీపీఈడీ చేయాలె. 1961లో మొదలైన పటియాలా జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ లైసెన్సుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి పోవచ్చు. ఆ ఫీజు కట్టలేని పిల్లలకు సింగరేణి సామాజిక బాధ్యత నిధుల నుంచి, ఎస్సీ కార్పొరేషన్ నుంచి సాయం ఇప్పించాలని మన సంఘాలు పట్టుబట్టాలె. మన ఊర్ల కింది బొగ్గు తీసుకున్న కంపెనీ మన పిల్లల ఫీజు కడితే అది దానం కాదు, బాకీ.

ఇకముందు ఏ కాలేజీలో కోచ్ ఎంపిక జరిగినా ఊరి సంఘం నుంచి ఇద్దరు పోయి నోటీసు చూడాలె, కమిటీలో ఎవరున్నరో అడగాలె, జవాబు కాగితం మీద తీసుకోవాలె. బొటనవేలు అడిగే గురువులు మనకొద్దు. మన పిల్లల ఆటను చూసే కళ్లున్న గురువులు కావాలె. అసుంటి గురువులను మన వాడల్లోంచి తయారు చేసుకుందాం.

జై భీం!