గుంటూరు ఘాటు - ఎవరి చేతుల మంట?

గుంటూరు పేరు చెబితే నోరు మండుద్ది అంటారు. నోరు మండేది తినేవాడికి. మరి చేతులు మండేది ఎవరికి? ఈ మాట అడగకుండా గుంటూరు చరిత్ర ఎంత రాసినా అది సగం చరిత్రే.

ఊరి గొప్పలు చెప్పే పుస్తకాల్లో ఏముంటాయి? కొండవీడు ఏలిన రెడ్డిరాజులు, నడిబజార్లో జిన్నా టవరు, ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునే మిర్చియార్డు, 2010లో గుంటూరు సన్నం మిర్చికి దక్కిన భౌగోళిక గుర్తింపు. ఇవన్నీ ఉన్నవే, కాదనం. కానీ మిరపకాయ తనంతట తాను నడిచి యార్డుకు రాలేదు. కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లతో వలసొచ్చి, చేలపక్కన గుడిసెలేసుకుని కాయ కోసేవాళ్లున్నారు. రోజంతా కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీలున్నారు. ఘాటుకు దగ్గుకుంటూ టిక్కీలు మోసే హమాలీలున్నారు. వీళ్లలో మనోళ్లెంతమందో మనకు తెలుసు. ఆ పుస్తకాల్లో మాత్రం ఒక్కళ్లూ కనపడరు. ధర ఒకడు చెబుతాడు, కమీషను ఒకడు తీస్తాడు, కోల్డ్ స్టోరేజీ ఇంకొకడిది. మంట మాత్రం మనది. గుర్తింపు కాయకొచ్చింది గానీ కోసిన చేతికి రాలేదు.

చరిత్రా అంతే. పుట్టుకతో ఎవరూ అధములు కారన్న బుద్ధుడి బాటను ఈ నేల అమరావతి స్తూపంగా నిలబెట్టుకుంది. ఆ శిల్పాలు ఇవాళ చాలామటుకు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా 1971లో గుంటూరులోనే కన్నుమూశాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడును గబ్బిలంతో కాశీ శివుడికి చెప్పి పంపినట్టు 1941లో రాశాడు. పద్యాలకు చప్పట్లు కొట్టారు. ఆ మనిషికి మాత్రం ఊళ్లో చోటివ్వలేదు.

గబ్బిలం వచ్చిన యాభై ఏళ్లకు, 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని వేటాడి చంపారు. పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. గుంటూరు గొప్పల్లో ఈ లెక్క ఎవరు రాయాలి?

మనమే రాయాలి. పిల్లల్ని గుంటూరు తీసుకుపోతే కోట ఒక్కటే చూపించి రాకండి. అమరావతి చూపించండి, జాషువా గురించి చెప్పండి, చుండూరు నడుమనున్న రక్తక్షేత్రం దగ్గర కాసేపు నిలబెట్టండి. సంఘాలవాళ్లు యార్డుకు పోయి అడగండి: తొడిమలు తీసే తల్లి చేతికి తొడుగేదీ? వలసొచ్చిన బిడ్డకు బడేదీ? కూలికి రాతపూర్వకమైన లెక్కేదీ?

వీటికి జవాబు దొరికిననాడు గుంటూరు మన ఊరని మనమూ చెప్పుకుందాం.