పాత మారుతికి జోష్ కాదు, ముందు హోష్ కావాలి

మా ఆపా కొడుకు ఆ మధ్య ఫోన్ చేసి, "మామూ, బండికి కొత్త జాన్ పోయించినా, వచ్చి చూడు" అన్నాడు. కర్నూలులో వాళ్ల గల్లీకి వెళ్లి చూశాను. 1998 మోడల్ మారుతి 800. మా బావ సౌదీలో చెమటోడ్చి కూడబెట్టిన పైసలతో కొన్న సెకండ్ హ్యాండ్ బండి. బానెట్ ఎత్తితే ఎర్రటి కోన్ ఫిల్టర్. వెనక పిడికిలి దూరేంత సైలెన్సర్. నాలుగు చక్రాలకూ వెడల్పాటి టైర్లు. వాడు స్టార్ట్ చేసి రేస్ ఇస్తే గల్లీ పిల్లలంతా ఉరికొచ్చారు. పక్కింట్లో బీమార్‌గా ఉన్న నానీ మాత్రం కిటికీ మూసుకుంది.

ఖర్చెంత అని అడిగితే ముప్పై ఎనిమిది వేలన్నాడు. అందులో సగం, చెల్లెలి కాలేజీ ఫీజుకని ఆపా చిట్టీ పాడి దాచిన సొమ్ము. "ఫీజు వచ్చే నెల కట్టొచ్చులే మామూ" అన్నాడు. బావ అక్కడే కుర్చీలో కూర్చుని మురిసిపోతున్నాడు. నేను కూడా "మాషా అల్లాహ్, బాగుంది" అని చాయ్ తాగి వచ్చేశాను. ఆ రోజు నోరు మూసుకున్నది నా గల్తీ. అందుకే ఇవాళ రాస్తున్నాను.

రెండు వారాల తర్వాత గిద్దలూరులో షాదీ. ఐదుగురు మనుషులు, సూట్‌కేసులు, ఒక పెద్ద బిర్యానీ డబ్బా. నంద్యాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్‌లో గోలీలు గిలకొట్టినట్టు చప్పుడు. పికప్ సున్నా. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లింది, రేడియేటర్ పొగలు కక్కింది. అడవి మధ్యలో ఆపా, ఇద్దరు ఆడపిల్లలు రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఒక లారీ డ్రైవర్ దయతలచి నీళ్ల క్యాన్ ఇచ్చి పోయాడు. నిఖా అయిపోయాక చేరారు.

తఖ్దీర్ అని దీన్ని సరిపెట్టుకోవద్దు. ఇది చేతులారా కొనుక్కున్న ముసీబత్. ఎలాగో వినండి.

మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా దిగినప్పుడే దాని తాఖత్ నలభై హార్స్‌పవర్ లోపు. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఈ బండి లక్షల కుటుంబాలను మోసింది. అది బతికింది పికప్‌తో కాదు, తేలికతనంతో. ఖాళీ బండి బరువు సుమారు 650 కిలోలు. అందులో ఐదుగురు ఎక్కి సామాను వేస్తే మూడు వందల కిలోలకు పైనే. అంటే బండి తన బరువులో సగం అదనంగా మోస్తూ ఘాట్ ఎక్కాలి. ఈ హిసాబ్ ముందు ఫిల్టర్, సైలెన్సర్ ఏపాటివి? వాటివల్ల తాఖత్ నూటికి ఐదు పెరిగిందనే అనుకుందాం. నలభైలో ఐదు శాతం రెండు హార్స్‌పవర్. ఘాట్‌లో ఏసీ ఆపేస్తే దాదాపు అంతా ముఫ్త్‌గా తిరిగొస్తుంది.

ఆ రెండైనా వచ్చాయా? కార్బొరేటర్ బండిలో గాలికీ పెట్రోలుకూ ఒక నాప్ ఉంటుంది. పాత ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ బిగించి, జెట్లు మార్చకుండా వదిలేస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. మండేది వేడిగా మండుతుంది. పైగా ఆ కోన్ పీల్చేది ఎక్కడి గాలి? బానెట్ కింద ఉడికిన గాలి. వేడి గాలి పలుచన, అందులో దమ్ము ఉండదు. ఇది చాలదన్నట్టు షాపువాడు డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ ముందుకు జరిపాడు. చదునైన రోడ్డు మీద పది నిమిషాల ట్రయల్‌లో బండి చురుగ్గా అనిపించింది, పైసలు చేతులు మారాయి. లోడ్‌తో ఘాట్ ఎక్కినప్పుడు మిశ్రమం మండాల్సిన వేళకంటే ముందే మండి పిస్టన్ నెత్తిన సుత్తిలా కొట్టింది. మావాళ్లు విన్న గోలీల చప్పుడు అదే.

వెడల్పు టైర్ల కహానీ కూడా అంతే. పన్నెండు అంగుళాల చక్రం, సన్న టైరు ఆ ఇంజన్‌కు తగ్గ జోడీ. బరువైన చక్రం తిప్పడానికే తాఖత్ ఖర్చయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో టైరు లోపలి రేకుకు రాసుకుంటుంది.

షాదీ నుంచి వచ్చాక బండిని నాకు తెలిసిన ఒక బుజుర్గ్ ఉస్తాద్ దగ్గరికి తోలించాను. ఆయన రేకుల షెడ్డుకు బోర్డు కూడా లేదు. ఆయన ఇంజన్ విప్పలేదు. ముందు పిల్లోణ్ని సీట్లో కూర్చోబెట్టి, "బేటా, యాక్సిలేటర్ పూరా తొక్కు" అన్నాడు. కార్బొరేటర్‌లోకి తొంగి చూసి నవ్వాడు. కేబుల్ సాగిపోయి, పెడల్ నేలకు తాకినా లోపలి రేకు ముప్పావు మాత్రమే తెరుచుకుంటోంది. అంటే ఉన్న నలభైలో కొంత భాగాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ వాడుకోనే లేదు. సరిచేయడానికి ఐదు నిమిషాలు, ఒక పానా.

తర్వాత మూడు ప్లగ్గులూ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టాడు. రెండు సిలిండర్లు దగ్గర దగ్గరగా చూపించాయి, మూడోది బాగా తక్కువ. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ చూశాడు. ఆయిల్ వేశాక రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదన్నట్టు. పెరగలేదు. టాపెట్లు టైట్ చేసి ఎవరో వదిలేశారు, వాల్వు కాలిపోతోంది. తర్వాత జాకీ ఎత్తి చక్రాలు తిప్పాడు. వెనక ఎడమ చక్రం చేత్తో తిరగడం లేదు, బ్రేక్ పట్టేసింది. డ్రమ్ము విప్పితే షూలు అరిగి రేకు తేలాయి. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎప్పుడో ఒక మెకానిక్ "వేడెక్కే బాధే ఉండదు" అని పీకి పారేశాడట.

ఈ థర్మోస్టాట్ పీకే ఆదత్ మన ఊళ్లలో మర్ధ్‌లా ముదిరింది. మెకానిక్ భాయీలూ, బురా మానొద్దు. ఇంజన్ తన సరైన వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ తొందరగా అరుగుతుంది. వేడెక్కుతోందంటే రేడియేటర్ పూడిపోయిందో, ఫ్యాన్ తిరగడం లేదో, నీళ్ల పంపు పోయిందో చూడాలి. కాపలావాణ్ని తీసేసి దొంగతనాలు ఆగాయంటే ఎలా?

ఉస్తాద్ హెడ్ దించి వాల్వులు కూర్చోబెట్టాడు. టాపెట్లు, టైమింగ్ సెట్ చేశాడు. రేడియేటర్ కడిగించి థర్మోస్టాట్ పెట్టాడు. బ్రేక్ షూలు, పగుళ్లిచ్చిన పెట్రోల్ పైపులు కొత్తవి వేశాడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1998 నాటి రబ్బరు దాన్ని తట్టుకునేలా తయారైంది కాదు కనుక ఆ పైపులు మీ బండిలోనూ ఒకసారి చూపించుకోండి. మొత్తం బిల్లు తొమ్మిది వేల లోపు. పాత ఫిల్టర్ డబ్బా, పాత సైలెన్సర్ షాపు మూల నుంచి వెతికి తెచ్చి బిగించాం. బండి నోరు మూసుకుని ముందుకంటే చురుగ్గా పోతోంది.

నాకు కోపం తెప్పించింది ఒక్కటే. ఆ ముప్పై ఎనిమిది వేల బిల్లులో బ్రేకుల మీద ఒక్క రూపాయి లేదు. షాపువాడు చక్రాలు విప్పి కొత్తవి బిగించాడు కదా, డ్రమ్ముల సంగతి ఒక్క మాట అడగలేదు. అరవైలో పోయే బండి ఎనభైలో పోతే వేగం పెరిగింది మూడో వంతే. బ్రేక్ తొక్కాక ఆగే దూరం మాత్రం ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. అలాంటి డబ్బాలో ఆపాను, ఆడపిల్లలను కూర్చోబెట్టి వేగం అమ్మినవాడిది తిజారత్ కాదు, ధోకా.

"షౌఖ్ మాది, పైసలు మావి, మీకేంటి తక్లీఫ్" అనే నౌజవాన్లకు జవాబు చెబుతాను. షౌఖ్‌కు నేను దుష్మన్‌ను కాను. ఈ బండిలోనే పెద్ద ఇంజన్ దించి ర్యాలీలు తోలినవాళ్లున్నారు. వాళ్లు ఇంజన్‌తో పాటు బ్రేకులు, సస్పెన్షన్ మార్చారు, లోపల ఇనుప కేజ్ వేశారు, తోలింది మూసిన ట్రాక్ మీద, పక్క సీట్లో అమ్మీ లేదు. రోడ్డు మీద తోలే బండికి ఖానూన్ వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల జుర్మానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పెట్టారు. పదిహేనేళ్లు దాటిన బండిని ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు తీసుకెళ్లాలి, అక్కడ ఈ సైలెన్సర్ దాచలేరు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది ఇలాంటి సాకులనే.

"ఓవర్‌టేక్ చేయలేకపోతున్నాం" అనేవాళ్లు గేరు తగ్గించి చూడండి. టాప్ గేరులో ఎంత తొక్కినా ఆ ఇంజన్ ఏడుస్తుంది, మూడో గేరులో దాని అసలు దమ్ము బయటికొస్తుంది. అప్పటికీ జాగా చాలకపోతే లారీ వెనకే ఉండండి, షాదీకి పది నిమిషాలు లేటవుతుంది, అంతే.

ఇక వాలిదైన్‌తో ఒక మాట. పిల్లోడు బండికి పైసలడిగితే వద్దనకండి. వరస మాత్రం మీరు చెప్పండి. మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. రెండోది రేడియేటర్, పైపులు. మూడోది కేబుల్, ప్లగ్గులు, ఫిల్టర్, టాపెట్లు, టైమింగ్, కంప్రెషన్. డిక్కీలో పాత సామాను, పెద్ద స్పీకర్ డబ్బా ఉంటే దింపించండి, అదీ పికప్పే. ఖరీదైన పవర్ పెట్రోలు పోయించొద్దు, సరిగా సెట్ చేసిన ఈ తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు దాంతో ఫాయిదా లేదు. ఫ్లోర్ తుప్పు పట్టి కాలు కిందికి దిగేలా ఉంటే ఇంజన్ మీద ఒక్క పైసా పెట్టకండి, ఆ బండికి ఖుదా హాఫిజ్ చెప్పేయండి.

మావాడు ఆ కోన్ ఫిల్టర్, వెడల్పు టైర్లు అమ్మితే పదకొండు వేలు వచ్చాయి. ఫీజులో మిగతాది నేనూ బావా కలిసి కట్టాం. నాది నోరు మూసుకున్న కఫ్ఫారా అనుకోండి. మొన్న వాళ్లింటికి వెళ్తే పక్కింటి నానీ కిటికీ తెరిచే ఉంది.