వగరును వగరనడానికి సిగ్గెందుకు?

ముందే ఒప్పుకుంటాను, నేను వైన్ పండితుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి రోజంతా కోడ్ రాసుకునే మనిషిని. ఉద్యోగం పుణ్యమా అని రెండేళ్ళు ఇటలీలో, టూరిన్‌లో ఉన్నాను. అక్కడ వైన్ తాగడం నేర్చుకున్నాను. అంతకన్నా ముందు వైన్ గురించి మాట్లాడటం నేర్చుకున్నాను. నా గొడవంతా ఈ రెండోదానితోనే.

ఆ నవంబరులో నాన్న వచ్చారు. ఒక తెలుగు మిత్రుడు మమ్మల్ని భోజనానికి పిలిచి, ఎంతో ప్రేమగా బరోలో సీసా ఒకటి తెరిచాడు. నాలుగేళ్ళది. బరోలోకి అది పసితనం కిందే లెక్క. గ్లాసుల్లో పొయ్యకముందే ఫోన్ తీసి, దానికి వందకి ఎన్ని మార్కులొచ్చాయో చదివి వినిపించాడు. ఇక అందరం గ్లాసులు తిప్పాం, ముక్కులు పెట్టాం. ఒకరు 'లెదర్' అన్నారు. ఒకరు 'బ్లాక్‌కరెంట్' అన్నారు (ఆ పండు మాలో ఎవరూ తిని ఎరగరు). నేను 'తారు, గులాబీ' అన్నాను. నెబ్బియోలో ద్రాక్ష గురించి ఏ పుస్తకం తెరిచినా ఆ రెండు మాటలూ ఉంటాయి. నాకు గుర్తొచ్చింది వాసన కాదు, పేజీ.

నాన్న ఒక గుక్క తాగి, "వగరుగా ఉందిరా. నేరేడుపళ్ళు తిన్నట్టు నాలుక పట్టేసింది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అది వగరు కాదు నాన్నా, టానిన్" అన్నాను.

ఇంత తెలివితక్కువ మాట నేను ఇంకెప్పుడూ అనలేదు.

ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నోట్లో జారుడు పోయి, నాలుక గరుకుగా తగులుతుంది. నేరేడులోనూ, పచ్చి అరటికాయలోనూ, పాలు పొయ్యని టీలోనూ జరిగేది అదే. దానికి మన పేరు వగరు. బరోలోను 38 నెలలు, అందులో కనీసం 18 నెలలు కొయ్యపీపాల్లో ఉంచాకే బయటికి పంపాలని ఇటలీలో చట్టం ఉంది. అంతకాలం ఉంచినా ఆ వగరు మెత్తబడటానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళలో సీసాలో ఏముందో చెప్పింది నాన్న ఒక్కరే. మేమంతా బయట ఎవరో రాసింది అప్పజెప్పాం.

ఇటలీవాళ్ళకి ఈ సిగ్గు లేదు. అక్కడ శరదృతువులో కాకీ అనే నారింజరంగు పండొస్తుంది. సరిగ్గా పండకుండా కొరికితే నోరు పీక్కుపోతుంది. 'అల్లప్పా' అంటారు. మా ఇంటి యజమానురాలు కాకీ గురించీ, కుర్ర వైన్ గురించీ అదే మాట వాడేది. ఏటా ఉగాది పచ్చడిలో మామిడిముక్క కొరికి ఆరో రుచి పేరు నేర్చుకునే మనం మాత్రం, గ్లాసు చేతిలోకి రాగానే ఆ పేరు మర్చిపోవాలట!

మర్నాడు నాన్నను రైల్లో అస్తి తీసుకెళ్ళాను. చిన్న పూటకూళ్ళ ఇల్లు. ఆ చలికి బాగ్న కౌదా పెట్టారు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఉప్పుచేపలు కరిగేదాకా కాచి, మట్టిపాత్రలో చిన్న మంట మీద వేడిగా ఉంచి, కూరగాయ ముక్కలు ముంచుకు తినడం. పక్కన కూజాలో బార్బెరా. అదీ ఆ ప్రాంతపు ద్రాక్షే, కానీ నెబ్బియోలోలా కాదు. వగరు చాలా తక్కువ, పులుపు ఎక్కువ. తాగితే నోరు ఎండదు, ఊరుతుంది. ఆ నూనె జిడ్డునూ ఉప్పునూ కోసుకుంటూ పోతుంది. నాన్న రెండోసారి పోయించుకుని, "ఇది చారులాంటిదిరా, ముద్ద దిగుతోంది" అన్నారు. బార్బెరా గురించి నేను చదివిన దేన్లోనూ ఇంత సరైన మాట లేదు.

ఇలాంటి వైన్లకు అంగళ్ళలో 'సులువైనవి' అని బిళ్ళ తగిలిస్తారు. బార్బెరా, డోల్చెట్టో, వల్పోలిచెల్లా, మామూలు కియాంతీ. 'లలిత సంగీతం' అనేటప్పుడు కొందరి పెదవి విరుపు చూశారా, అదే ఇది. బిళ్ళ చూసి తక్కువ చేసేవాళ్ళు ఒకసారి నాలుకతో చూడండి. డోల్చెట్టో అంటే 'చిన్న తియ్యనిది', కానీ వైన్‌లో తీపి ఉండదు. పులుపు తక్కువ, చివర్లో బాదంపప్పు చేదు. వల్పోలిచెల్లాలో పుల్లటి చెర్రీ. వాటిని కాస్త చల్లగా తాగాలి. మన ఎండల్లో అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఈ తేడాలు తెలుసుకోవడానికి పులుపు, చేదు, వగరు అనే మూడు మాటలు చాలవా?

1872లో బెత్తీనో రికాసోలి, అంతకుముందు ఇటలీ ప్రధానిగా చేసిన పెద్దమనిషి, కియాంతీలో ఏ ద్రాక్ష ఎందుకో ఒక ఉత్తరంలో వివరించాడు. మల్వాసియా తెల్లద్రాక్ష ఏళ్ళ తరబడి దాచే వైన్‌కు అక్కర్లేదు, రోజువారీ భోజనంలోకి తాగేదానికి మాత్రం తేలికదనం ఇస్తుందన్నాడు. రెండు అవసరాలు, రెండు వైన్లు. ఒకటి పాసై రెండోది ఫెయిలవలేదు.

బార్బెరాకు చిన్నచూపు ఊరికే రాలేదనుకోండి. 1986లో పీడ్‌మాంట్ నుంచి వచ్చిన మిథనాల్ కల్తీ వైన్ తాగి 20 మందికి పైగా చనిపోయారు. చౌక వైన్ అంటేనే జనం భయపడ్డారు. అప్పటికే జాకొమో బొలోన్యా అనే ఆయన 1982 పంట నుంచి బార్బెరాను చిన్న ఓక్ పీపాల్లో పెట్టి గౌరవం తెచ్చే పనిలో ఉన్నాడు. గొప్ప పనే, కాదనను. కానీ నలుగురూ మెచ్చడానికి బార్బెరా కొయ్య దగ్గర వగరు అరువు తెచ్చుకోవలసి వచ్చిందే అని నాకు కష్టంగా ఉంటుంది.

బరోలో గొప్పది కాదనడం లేదు. పదిహేనేళ్ళు ఆగిన సీసా ఒకసారి తాగాను, ఆ రోజు ఎవరం ఏ మాటలూ వెతుక్కోలేదు. కానీ హైదరాబాదులో గోంగూర మటన్‌తో కుర్ర బరోలో తెరిచే మిత్రులకు చెబుతున్నాను: మిరపకారానికి టానిన్ తోడైతే మంట పెరుగుతుంది, వైన్ మరింత వగరెక్కుతుంది. డబ్బూ పోయె, కూరా పోయె. మార్కులు చూసి కొన్నవాళ్ళు ఆ మాట పైకి అనలేరు, నీళ్ళు తాగుతూ 'కాంప్లెక్స్' అంటారు.

నాన్నకు నేనింకా సారీ చెప్పలేదు. ఆయనకది గుర్తుందో లేదో కూడా తెలీదు. మొన్న ఫోన్‌లో మాత్రం, "ఆ చారులాంటిది అక్కడ దొరుకుతుందా?" అని అడిగారు.